బొమ్మల దుకాణం సైటులో శుభ్రమైన లింకులు: లాప్‌టాప్‌లో పనిచేస్తున్నాయి, హోస్టింగ్‌లో 404

లక్క_పెట్టె · అక్కయ్యపాలెం · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడవు, ఓపిక పట్టండి.

మా పెద్దమ్మకు ఏటికొప్పాక బొమ్మల దుకాణం ఉంది. అంకుడు కర్ర, లక్క పూత, చెట్ల రంగులు, అవే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ కూడా చూసి వచ్చాయి. బయటి ఊళ్ల నుంచి ఆర్డర్లు మొదలయ్యేసరికి నేనే పీహెచ్‌పీలో ఒక చిన్న సైటు రాసి, నెలవారీ హోస్టింగ్‌లో పెట్టాను.

ఇప్పుడు బొమ్మ పేజీ లింకు ఇలా ఉంది: /ప్రాడక్ట్.పీహెచ్‌పీ?ఐడీ=47. దాన్ని /బొమ్మ/47 అని మార్చాలని నా కోరిక (లింకులో ఇంగ్లీషు అక్షరాలే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను). నా విండోస్ లాప్‌టాప్‌లో జాంప్ (సొంత కంప్యూటర్‌లోనే సైటు నడిపి చూసుకునే ప్యాకేజీ) వేసుకుని, అందులోని అపాచీ సర్వర్‌కు రీరైట్ రూలు, అంటే వచ్చిన లింకును లోపల ఇంకొక లింకుగా మార్చే రూలు, రాశాను. చక్కగా పనిచేసింది. అదే రూలును హోస్టింగ్‌లో హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (ఫోల్డర్‌లో పెట్టే సర్వర్ సెట్టింగుల ఫైలు) పెడితే 404, అంటే "పేజీ లేదు". పాత లింకు మాత్రం మామూలుగా తెరుచుకుంటోంది. హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెడితే "మా వైపు అంతా సవ్యంగానే ఉంది" అన్నారు. మూడు రోజులైంది.

ఇంకొక మాట. పాత లింకులు చావకూడదు. దాబా గార్డెన్స్‌లో అచ్చు వేయించిన మూడు వేల కార్డుల మీద పాత లింకుల క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. సగం కార్డులు ఇప్పటికే బొమ్మల పెట్టెల్లో పడి జనం ఇళ్లకు చేరిపోయాయి.

గాజువాక_గుమాస్తా · గాజువాక · ఆదివారం రాత్రి 10:58

ముందు ఆ ఫైలు అక్కడ ఉందో లేదో చూడండి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లను ఫైల్ మేనేజర్ దాచేస్తుంది, సెట్టింగుల్లో దాచిన ఫైళ్లు చూపించమని టిక్కు పెట్టాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి ఉంటే వెనక టీఎక్స్‌టీ అని తోక తగిలించి ఉంటుంది. నేను ఒకసారి ఆ తోక కోసం ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

లక్క_పెట్టె · ఆదివారం రాత్రి 11:05

ఉందండి. తోక లేదు. పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోనే, ఇండెక్స్ ఫైలు పక్కనే ఉంది.

పాత_సర్వరు · సీతమ్మధార · ఆదివారం రాత్రి 11:20

ఫైలు ఉండటం వేరు, దాన్ని సర్వర్ చదవడం వేరు. ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ ఫైల్లో మొదటి వరుసలో అర్థం లేని మాట ఏదైనా రాసి సేవ్ చేసి, సైటు తెరవండి. 500 ఎర్రర్ (సర్వర్ లోపల తప్పు) వస్తే ఫైలును చదువుతున్నట్లు లెక్క. ఏ మార్పూ లేకుండా సైటు నవ్వుతూ తెరుచుకుంటే చదవడం లేదు. అప్పుడు తప్పు మీ రూలులో వెతకడం దండగ.

చదవకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, అపాచీలో అలౌ ఓవర్‌రైడ్ అనే సెట్టింగు. 2.4 నుంచి దాని సహజ విలువ "నన్". అంటే హెచ్‌టీయాక్సెస్‌ను అసలు పట్టించుకోదు. రెండు, అక్కడ ఉన్నది అపాచీయే కాకపోవడం.

మధురవాడ_మేడ · మధురవాడ · ఆదివారం రాత్రి 11:34

రెండో కారణం ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. ఎంజినెక్స్ అని ఇంకో సర్వర్ ఉంది, దానికి హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలు ఉంటుందనే తెలియదు, మీరు అందులో రామకోటి రాసినా చూడదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో జవాబు హెడర్లలో "సర్వర్" అన్న చోట ఏముందో చూడండి. అయితే ముందు ఎంజినెక్స్, వెనక అపాచీ ఉండే ఏర్పాట్లూ ఉంటాయి కాబట్టి పూర్తిగా దాన్నే నమ్మకండి. పాత_సర్వరు గారి పరీక్షే గట్టిది.

లక్క_పెట్టె · సోమవారం ఉదయం 9:47

మొదటి వరుసలో "పెద్దమ్మ పులిహోర" అని రాసి సేవ్ చేశాను. సైటు మొత్తం 500. రెండు నిమిషాల్లో దుకాణం నుంచి అక్క ఫోను: "ఎదురుగా కస్టమర్ ఉన్నారు, సైటు ఏం చేశావు?" తీసేశాను. కాబట్టి ఫైలును చదువుతోంది. ఇక పాపం నా రూలుదే అన్నమాట. కానీ లాప్‌టాప్‌లో పనిచేసింది కదా?

పాత_సర్వరు · సోమవారం ఉదయం 10:15

నడుస్తున్న దుకాణంలో పరీక్ష పెట్టమని నేను చెప్పలేదు నాయనా. ఒక ఉప ఫోల్డర్‌లో పెట్టి చూడవలసింది. సరే, అయిపోయింది.

లాప్‌టాప్‌లో రూలు ఏ ఫైల్లో రాశారు? హెచ్‌టీయాక్సెస్‌లోనా, సర్వర్ ప్రధాన ఫైళ్లలో ఒకటైన వర్చువల్ హోస్ట్ ఫైల్లోనా?

లక్క_పెట్టె · సోమవారం ఉదయం 10:21

వర్చువల్ హోస్ట్ ఫైల్లో. ఒక పాఠంలో అలాగే చెప్పారు. రూలు: క్యారెట్ గుర్తు (మొదలు అని), స్లాష్, బొమ్మ, స్లాష్, బ్రాకెట్లలో అంకెలు, డాలర్ (చివర అని). దాన్ని ప్రాడక్ట్ ఫైలుకు పంపి, ఐడీ స్థానంలో మొదటి బ్రాకెట్ విలువ.

పాత_సర్వరు · సోమవారం ఉదయం 10:50

దొరికింది. క్యారెట్ తర్వాత ఉన్న ఆ మొదటి స్లాష్ తీసేయండి.

కోడు ఇక్కడ అతికించను, మాటల్లోనే చెబుతాను. చదివి మీ చేత్తో రాసుకుంటే గుర్తుంటుంది.

సర్వర్ ప్రధాన ఫైళ్లలో రాసిన రూలుకు చిరునామా మొత్తంగా అందుతుంది, స్లాష్‌తో మొదలవుతుంది. హెచ్‌టీయాక్సెస్ అలా కాదు. అది ఒక ఫోల్డర్‌కు చెందిన ఫైలు. అక్కడికి చేరేసరికి ఆ ఫోల్డర్ వరకు ఉన్న దారిని, చివరి స్లాష్‌తో సహా, అపాచీ కత్తిరించేస్తుంది. మిగిలింది "బొమ్మ/47" మాత్రమే. మీ రూలు "/బొమ్మ" కోసం కాపు కాస్తోంది. అది ఈ జన్మలో రాదు. అందుకే అదే రూలు ఒక చోట పాసు, ఇంకొక చోట ఫెయిలు.

రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే ఆయన 1996 ఏప్రిల్‌లో ఈ రీరైట్ మాడ్యూల్ రాసి, 1997 జులైలో అపాచీ బృందానికి ఇచ్చేశారు. ముప్పై ఏళ్ల నుంచీ జనం ఈ స్లాష్ దగ్గరే బోర్లా పడుతున్నారు. నేనూ పడ్డాను, సిగ్గేమీ లేదు.

లక్క_పెట్టె · సోమవారం ఉదయం 11:02

పనిచేసింది!! ఒక్క స్లాష్! మూడు రోజులు!

లక్క_పెట్టె · సోమవారం రాత్రి 9:30

సంతోషం పన్నెండు గంటలు కూడా నిలవలేదు. పాత లింకు కొట్టినవారిని కొత్త లింకుకు పంపాలని రెండో రూలు రాశాను: ప్రాడక్ట్ ఫైలు అడిగితే /బొమ్మ/ అంకెకు 301 రీడైరెక్ట్ (దారి మళ్లింపు). ఇప్పుడు పాతదీ తెరుచుకోదు, కొత్తదీ తెరుచుకోదు. "ఈ పేజీ మిమ్మల్ని చాలాసార్లు దారి మళ్లించింది" అంటోంది బ్రౌజర్. రెండు రూళ్ల చివరా ఎల్ ఫ్లాగ్ (రూలుకు తగిలించే గుర్తు) పెట్టాను. ఎల్ అంటే "ఇదే ఆఖరిది" అని కదా?

మధురవాడ_మేడ · సోమవారం రాత్రి 9:52

ఎల్ ఫ్లాగ్ "ఈ విడతకు ఆఖరిది" అని మాత్రమే చెబుతుంది. హెచ్‌టీయాక్సెస్‌లో చిరునామా మారిన వెంటనే అపాచీ మళ్లీ మొదటి నుంచి రూళ్లన్నీ చదువుతుంది. మీ దగ్గర జరుగుతున్నది చూడండి.

బ్రౌజర్ /బొమ్మ/47 అడిగింది. మొదటి రూలు లోలోపల దాన్ని ప్రాడక్ట్ ఫైలుగా మార్చింది. చిరునామా మారింది కాబట్టి రెండో విడత. ఇప్పుడు రెండో రూలు "ఓహో, ఎవరో పాత లింకు అడిగారు" అనుకుని /బొమ్మ/47కు వెళ్లమని బ్రౌజర్‌కు చెప్పింది. బ్రౌజర్ మళ్లీ /బొమ్మ/47 అడిగింది. గుడి చుట్టూ ప్రదక్షిణలు.

బయటి నుంచి నిజంగా ఏ లింకు వచ్చిందో చూసి నిర్ణయించాలి. "ద రిక్వెస్ట్" అనే విలువలో బ్రౌజర్ మొదట పంపిన వరుస చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపలి మార్పులు దాన్ని తాకవు. రెండో రూలుకు ముందు, ఆ వరుసలో ప్రాడక్ట్ ఫైలు పేరు ఉంటేనే అని షరతు పెట్టండి. లేదా అపాచీ 2.4లో ఎల్ బదులు ఎండ్ ఫ్లాగ్ ఉంది, అది రెండో విడతను కూడా ఆపేస్తుంది.

రీరైట్ రూలు నమూనాకు ప్రశ్నార్థకం తర్వాతి భాగం కనబడదని కూడా గుర్తుంచుకోండి. ఐడీ=47 కావాలంటే క్వెరీ స్ట్రింగ్ అనే విలువను విడిగా షరతులో చూడాలి. కొత్త లింకు చివర పాత ఐడీ వేలాడకుండా క్యూఎస్‌డీ ఫ్లాగ్ పెట్టండి.

లక్క_పెట్టె · సోమవారం రాత్రి 10:40

షరతు పెట్టాను. అయినా అదే ప్రదక్షిణ. ఫైలు మొత్తం ఖాళీ చేసినా అదే. నాకు పిచ్చెక్కుతోందా?

గాజువాక_గుమాస్తా · సోమవారం రాత్రి 10:44

ఫోనులో తెరిచి చూడండి.

లక్క_పెట్టె · సోమవారం రాత్రి 10:46

ఫోనులో పనిచేస్తోంది!

గాజువాక_గుమాస్తా · సోమవారం రాత్రి 10:55

301 అంటే శాశ్వతం అని అర్థం. మీ బ్రౌజర్ దాన్ని మనసా వాచా నమ్మి గుర్తు పెట్టుకుంది, ఇక సర్వర్‌ను అడగనే అడగదు. కాష్ (బ్రౌజర్ దాచుకున్న జ్ఞాపకం) తుడిచేయండి, లేదా ప్రైవేటు కిటికీలో చూడండి. ఇకనుంచి పరీక్షించేటప్పుడు 302, అంటే తాత్కాలికం, వాడండి. అంతా కుదిరాక, ఒకటికి రెండుసార్లు చూసుకుని 301 చేయండి. మా లెక్కల భాషలో 302 పెన్సిల్, 301 సిరా.

రాత్రిబడి · ఎండాడ · సోమవారం రాత్రి 11:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను పులిహోర పరీక్ష చేస్తే ఏమీ జరగలేదు, ఎంజినెక్స్ అని తేలింది. నాది రియాక్ట్ యాప్ (పేజీలను బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్ తయారుచేస్తుంది), సొంత వీపీఎస్, అంటే నేనే చూసుకునే అద్దె సర్వర్. హోం పేజీ నుంచి క్లిక్ చేసుకుంటూ వెళ్తే అన్ని పేజీలూ వస్తాయి. అక్కడ రిఫ్రెష్ నొక్కితే 404. ఎందుకు?

మధురవాడ_మేడ · సోమవారం రాత్రి 11:28

క్లిక్ చేసినప్పుడు సర్వర్‌కు కబురే వెళ్లదు తమ్ముడూ. హిస్టరీ ఏపీఐ సాయంతో జావాస్క్రిప్ట్ పైన చిరునామా పట్టీని మాత్రం మారుస్తుంది. రిఫ్రెష్ చేస్తే ఆ చిరునామా నిజంగా సర్వర్‌కు వెళ్తుంది, అక్కడ ఆ పేరుతో ఫైలు లేదు. ఎంజినెక్స్‌లో లొకేషన్ బ్లాకు లోపల ట్రై ఫైల్స్ అని రాసి, ముందు అడిగిన ఫైలు, తర్వాత ఫోల్డర్, రెండూ లేకపోతే ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ అని మూడు పెట్టు. కాన్ఫిగరేషన్‌ను ముందు "ఎంజినెక్స్ మైనస్ టీ" ఆదేశంతో పరీక్షించి, ఆ తర్వాతే రీలోడ్ చెయ్యి.

లక్క_పెట్టె గారూ, మీకూ ఇదే పద్ధతి మేలు. రెండు రూళ్లు రేపు ఇరవై అవుతాయి: విభాగాలకు ఒకటి, కళాకారుల పేజీలకు ఒకటి, బుట్టకు ఒకటి. ఇరవై రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (రూళ్లలోని ఆ గుర్తుల నమూనాలు) ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అన్నిటినీ ఇండెక్స్ పీహెచ్‌పీ ఒక్కదానికే పంపి, ఏ దారి ఎక్కడికో పీహెచ్‌పీలో పట్టిక రాసుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విచారణ కిటికీ లాంటిది. అరకు వెళ్లేవారూ, శ్రీకాకుళం వెళ్లేవారూ అక్కడే అడుగుతారు, ఏ ప్లాట్‌ఫారమో కిటికీ చెబుతుంది.

హెచ్‌టీయాక్సెస్‌లో రెండే షరతులు: అడిగింది నిజమైన ఫైలు కాకపోతే, నిజమైన ఫోల్డర్ కాకపోతే, ఇండెక్స్‌కు పంపు. ఫొటోలు, సీఎస్ఎస్ ఫైళ్లు (పేజీ రంగులూ రూపూ చెప్పేవి) కిటికీ దగ్గర ఆగకుండా నేరుగా వెళ్లిపోతాయి.

పాత_సర్వరు · మంగళవారం ఉదయం 6:40

ఉన్నవి నూట పన్నెండు బొమ్మలు. వాటికి విచారణ కిటికీ, పట్టిక, పరివారం! రెండు రూళ్లు పనిచేస్తున్నాయి. పనిచేస్తున్నదాన్ని కెలకకూడదు.

మధురవాడ_మేడ · మంగళవారం ఉదయం 8:10

ఆ రెండు రూళ్ల కోసమే ఆయన మూడు రోజులు తిండి మానేశారు సార్.

లక్క_పెట్టె · మంగళవారం రాత్రి 10:05

కిటికీ పద్ధతికి మారాను. పాత_సర్వరు గారు కోప్పడకండి. పట్టిక రాసుకున్నాక ఏ లింకు ఎటు పోతుందో ఒక్క చూపులో తెలుస్తోంది, అది నాకు నచ్చింది. కానీ బొమ్మ పేజీకి రంగులూ రూపూ పోయాయి. హోం పేజీ బాగుంది. /బొమ్మ/47 మాత్రం 1990ల నాటి పేజీలా తెల్లగా ఉంది. కొన్ని ఫొటోలు కూడా రావడం లేదు.

గాజువాక_గుమాస్తా · మంగళవారం రాత్రి 10:17

సీఎస్ఎస్ ఫైలు దారి ముందు స్లాష్ లేదు కదూ? "స్టైల్.సీఎస్ఎస్" అని మాత్రమే రాస్తే బ్రౌజర్ ఉన్నచోటి నుంచి లెక్కపెడుతుంది. పైకి మీరు /బొమ్మ/ అనే ఫోల్డర్‌లో ఉన్నట్లు కనిపిస్తున్నారు, అందుకే /బొమ్మ/స్టైల్.సీఎస్ఎస్ అడుగుతుంది. అలాంటి ఫైలు లేదు కాబట్టి అది కిటికీ దగ్గరికి పోయింది, కిటికీ ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ చేతిలో పెట్టింది. ముందు స్లాష్ పెట్టండి, తీరిపోతుంది. నిన్నంతా స్లాష్ తీసేయమన్నాం, ఇవాళ పెట్టమంటున్నాం, మమ్మల్ని తిట్టుకోకండి.

ఫొటోల సంగతి: ఫైలు పేరులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కలిసి ఉన్నాయేమో చూడండి. విండోస్‌కు రెండూ ఒకటే. లినక్స్‌కు కాదు.

పాత_సర్వరు · మంగళవారం రాత్రి 10:45

కోపం లేదు. అయితే గుమాస్తా గారు చెప్పినదాంట్లోనే మీ కిటికీ జబ్బు ఉంది, గమనించారా? లేని ఫైలు అడిగితే "లేదు" అనాలి. మీ కిటికీ 200 అని, అంటే "అంతా బాగుంది" అని, ఏదో పేజీ ఇచ్చింది. ఏ ఊరి పేరు చెప్పినా "ఆ, ఉంది, కూర్చోండి" అనే గుమాస్తా అన్నమాట (గాజువాక వారిని కాదు). గూగుల్ వచ్చి లేని లింకులు వందలాదిగా తిరిగినా అన్నిటికీ సరే అంటుంది. పట్టికలో దొరకనిదానికీ, డేటాబేస్‌లో లేని ఐడీకీ 404 మీరే పంపాలి. ఒకసారి కిటికీ పెట్టాక ఆ బాధ్యత అపాచీది కాదు, మీది.

లక్క_పెట్టె · బుధవారం ఉదయం 7:30

మూడూ సరిచేశాను. /బొమ్మ/99999 కొట్టి 404 చూసి ఇంత ఆనందిస్తానని అనుకోలేదు.

ఇప్పుడు అసలు కోరిక. అంకెల బదులు బొమ్మ పేరే లింకులో రావాలి, అదీ తెలుగులో: /బొమ్మ/లక్క-బొమ్మలు, నిజంగా తెలుగు లిపిలో. పెద్దమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు, తన సైటు లింకు తాను చదవాలని నా ఆశ. చేయవచ్చా?

అక్షరపక్షి · ఎంవీపీ కాలనీ · బుధవారం ఉదయం 11:12

ఈ ప్రశ్న కోసమే నాలుగు రోజులుగా మౌనంగా చదువుతున్నాను!

చేయవచ్చు. నా బ్లాగు లింకులన్నీ తెలుగులోనే ఉన్నాయి. కానీ దెబ్బలు తగిలే చోట్లు చెబుతాను.

బ్రౌజర్ పట్టీలో తెలుగు కనిపించినా తీగ మీద వెళ్లేది తెలుగు కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లు. లింకులో ఒక్కొక్క బైటు ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక సంకేతానికి తొమ్మిది అక్షరాలు. సంకేతం అంటే మన కంటికి కనిపించే అక్షరం కాదు, గుణింతం విడిగా, పొల్లు విడిగా లెక్క. "లక్క"లో నాలుగు: ల, క, పొల్లు, క. "బొమ్మలు"లో ఏడు. మొత్తం పదకొండు తొమ్మిదులు తొంభై తొమ్మిది, మధ్యలో గీత ఒకటి. సరిగ్గా వంద అక్షరాలు! లింకును కాపీ చేసి ఎవరికైనా పంపితే చాలాసార్లు ఆ వంద అక్షరాల శాతాల పాము కనిపిస్తుంది. అది చూసి అవతలివారు వైరస్ అనుకుని భయపడిన అనుభవం నాకుంది.

రెండో దెబ్బ ఇంకా బాధాకరం. పేరు నుంచి లింకు తయారుచేసే కోడు "పదంలో ఉండదగిన అక్షరాలు తప్ప మిగతావి తీసేయి" అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడుతుంది. అక్కడ చాలామంది వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుర్తుకు క, మ, ల అక్షరాలు. గుణింతాలు, పొల్లు అక్షరాలు కావు. పైథాన్‌లో అంతే, పీహెచ్‌పీలోనూ చాలా సర్వర్లలో అంతే. ఫలితం: "లక్క-బొమ్మలు" కాస్తా "లకక-బమమల" అవుతుంది. నా బ్లాగులో మొదటి ఏడాది "విశాఖ" అంతా "వశఖ"గా ఉండిపోయింది. అక్షరాలతో పాటు యూనికోడ్ మార్కుల వర్గాన్ని (గుణింతాలు, పొల్లు అందులోవే) కూడా అనుమతించాలి.

మూడోది కంటికి కనిపించని శత్రువు. "హార్బర్‌లో" అని రాసేటప్పుడు ర్, లో కలిసిపోకుండా కీబోర్డు మధ్యలో ఒక శూన్య వెడల్పు సంకేతం పెడుతుంది. ఒకరు దానితో టైపు చేస్తారు, ఒకరు లేకుండా. రెండు లింకులు వేరు, ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి 404. లింకు తయారుచేసేటప్పుడూ, వెతికేటప్పుడూ ఆ సంకేతాన్ని తీసేయండి. అలాగే ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు, తెర మీద తేడా తెలియదు. యూనికోడ్‌లో ఎన్ఎఫ్‌సీ అనే రూపానికి (ఆ ముక్కలను ఒకే సంకేతంగా కలుపుతుంది) మార్చాకే డేటాబేస్‌లో పెట్టండి.

వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఒక మాట. అక్కడ లింకు పేరుకు చోటు 200 అక్షరాలే, అదీ శాతాల రూపంలో. తెలుగులో ఇరవై రెండు సంకేతాలకే అయిపోతుంది. శీర్షిక సగంలో తెగిపోతే ఆశ్చర్యపోకండి.

ఇన్ని చెప్పాను కదా అని వద్దంటున్నానని అనుకోకండి. తన పేరు తన లిపిలో చదువుకోవడానికి ఈ మాత్రం కష్టపడవచ్చు.

గాజువాక_గుమాస్తా · బుధవారం మధ్యాహ్నం 1:20

పక్షి గారి మాట మనసుకు నచ్చింది, కానీ కార్డులున్నాయి కదా. క్యూఆర్‌లో లింకు పెరిగితే గడులు పెరుగుతాయి. దిద్దుబాటు స్థాయి (కోడు కొంత చెరిగినా చదవగలిగే సామర్థ్యం) అన్నిటికన్నా తక్కువ పెట్టుకున్నా, 32 బైట్ల లోపు లింకు 25×25 గడుల్లో పడుతుంది. సైటు పేరుతో కలిపి 130 బైట్లు అయితే 41×41 కావాలి. అగ్గిపెట్టెంత కార్డు మీద ఆ గడులు ఆవగింజల్లా ఉంటాయి. దుకాణం దీపం వెలుగులో పాత ఫోను కెమెరా చదవలేదు.

మధురవాడ_మేడ · బుధవారం మధ్యాహ్నం 2:05

రెండూ పెట్టుకోవచ్చు. లింకు రూపం /బొమ్మ/47/లక్క-బొమ్మలు. యాప్‌కు కావలసింది 47 మాత్రమే, తర్వాతిది మనుషుల కోసం. కార్డు మీద /బొమ్మ/47 వరకే ముద్రించండి. అది వస్తే యాప్ పూర్తి లింకుకు రీడైరెక్ట్ చేస్తుంది. పేరు తప్పుగా వచ్చినా, మధ్యలో తెగినా, కనిపించని సంకేతం దూరినా 47 చూసి సరైన పేజీకి తీసుకుపోతుంది. రేపు పెద్దమ్మగారు బొమ్మ పేరు మార్చినా పాత లింకు చావదు. పేజీ తలలో కానోనికల్ ట్యాగులో ("ఇదే అసలు లింకు" అని చెప్పేది) పూర్తి లింకు పెడితే వెతికే యంత్రాలకూ తికమక ఉండదు.

అక్షరపక్షి · బుధవారం మధ్యాహ్నం 2:31

దీనికి నా ఓటు. నాకు ఈ ఉపాయం నాలుగేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే "వశఖ" బాధ తప్పేది.

పాత_సర్వరు · బుధవారం రాత్రి 9:15

మేడ గారితో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి.

పాత లింకుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను పనిచేసే ఆఫీసులో సర్వర్ గది కిటికీలు పగిలి నీళ్లు వచ్చాయి. కరెంటు లేక రోజుల తరబడి చీకటి. హడావిడిగా సైటును బయటి ఊరి హోస్టింగ్‌కు మార్చాం. కొత్త సైటు, కొత్త లింకులు. పాతవాటి మాట ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. కానీ మా దరఖాస్తు ఫారాల మీద అచ్చులో ఉన్నది పాత లింకు. తుపానులో ఇంటి కప్పు ఎగిరిపోయిన మనుషులు ఆ లింకు టైపు చేసి "పేజీ లేదు" అని చదువుకున్నారు. సరిచేసేసరికి మూడు వారాలు. కొత్త లింకు రాసేముందు పాత లింకులన్నీ ఒక కాగితం మీద రాసుకోవడం ఆ తర్వాత అలవాటైంది.

ఒక పని చేయండి. కార్డు మీది లింకు ఎస్ లేని హెచ్‌టీటీపీతో, ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉందా? ఉంటే ఇప్పుడు అది మొదట హెచ్‌టీటీపీఎస్‌కు, తర్వాత డబ్ల్యూలు లేని పేరుకు, తర్వాత /బొమ్మ/47కు, తర్వాత పూర్తి పేరుకు, ఇలా నాలుగు గెంతులు వేస్తుంది. అరకు ఘాట్‌లో రెండు గీతల సిగ్నల్ మీద ఎవరైనా స్కాన్ చేస్తే మూడో గెంతులో ఆగిపోతుంది. కార్డు లింకు రాగానే నేరుగా చివరి చిరునామాకు ఒక్క గెంతులో పంపండి. అందుకు ఆ రూలు మిగతా అన్నిటికన్నా పైన ఉండాలి.

లక్క_పెట్టె · శుక్రవారం రాత్రి 10:20

చేశాను. లాగు ఫైలు చూస్తున్నాను. పొద్దున 6:10కి ఎవరో పాత కార్డు స్కాన్ చేశారు. ఐడీ=47. ఒక్క 301, వెంటనే 200, అంతే. ఆ రెండు వరుసలను పదిసార్లు చదివాను.

పెద్దమ్మకు ఫోనులో చూపించాను. పట్టీలో తెలుగు చదివి, "లక్క బొమ్మలు అని ఎందుకు, లక్క పిడతలు కదా అవి" అంది. పేరు మార్చాను. లింకు దానంతట అదే మారింది, పాతదీ తెరుచుకుంటోంది.

ఒకటే మిగిలింది. పాత కార్డుల్లో ఐడీ=31 ఒకటుంది. ఏనుగు బండి. ఆ కళాకారుడు ఇప్పుడు అది చేయడం లేదు, సైటు నుంచి తీసేశాం. దానికి 404 పంపాలా, 410 పంపాలా?

పాత_సర్వరు · శుక్రవారం రాత్రి 10:31

410 అంటే ఇక ఎప్పటికీ రాదు అని. మళ్లీ చేసే అవకాశం ఏమైనా ఉందా?

లక్క_పెట్టె · శుక్రవారం రాత్రి 10:36

సంక్రాంతికి ఊరు వెళ్తే అడగాలి.

పాత_సర్వరు · శుక్రవారం రాత్రి 10:38

అయితే అంతవరకు 404.